పీటర్ పాన్ మళ్ళీ చదువుతున్నా, ఈసారి కిటికీకి ఇటువైపు కూర్చుని

పాతపాఠకుడు | ఆదివారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. చాన్నాళ్ళకి ఇక్కడ ఓ చర్చ మొదలుపెడుతున్నా.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు. మూడు వారాలుగా రాత్రి పడుకునే ముందు ఓ అరగంట జె. ఎం. బారీ 'పీటర్ పాన్' చదివి వినిపిస్తున్నా. నాటకం కాదు, 1911లో 'పీటర్ అండ్ వెండీ' అన్న పేరుతో వచ్చిన నవల. ఎప్పటికీ పెద్దవాడు కాని పీటర్ అనే పిల్లాడు, డార్లింగ్ దంపతుల పిల్లలు వెండీ, జాన్, మైకేల్‌ని నెవర్‌ల్యాండ్ అనే దీవికి ఎగరేసుకుపోయే కథ. ఒక పేరా ఇంగ్లీషులో చదవడం, దాన్ని తెలుగులో చెప్పడం, మధ్యలో ఆవిడగారి ప్రశ్నలకు జవాబులు. నత్తనడకన సాగుతోంది.

నేను చదివింది పదేళ్ళప్పుడు. గుర్తున్నవి మూడే: ఎగరడం, కత్తియుద్ధం, గడియారం మింగిన మొసలి. పీటర్‌లా ఎగురుదామని మంచం మీంచి దూకి మోచెయ్యి విరగ్గొట్టుకున్న ఘనత కూడా ఉంది.

ఇప్పుడు మొదటి అధ్యాయంలోనే ఆగిపోయా. పిల్లలు నిద్రపోయాక మిసెస్ డార్లింగ్ వాళ్ళ మనసుల్ని సర్దుతుంది. నిజంగానే, బీరువా అరల్లో బట్టలు సర్దినట్టు. పగలంతా చెల్లాచెదురుగా పడ్డవి ఏరుతుంది. ఒకదాన్ని పిల్లిపిల్లలా చెంపకు ఆనించుకుంటుంది, ఇంకొకదాన్ని గబుక్కున కంటికి కనపడకుండా తోసేస్తుంది. కోపాలూ పెంకితనాలూ చిన్నగా మడిచి అడుగున పెట్టి, మంచి ఆలోచనలు ఆరేసి పైన పరుస్తుంది, పొద్దున లేవగానే చేతికి అందేలా. అలా సర్దుతుంటేనే 'పీటర్' అన్న పేరు ఆమె కంటపడుతుంది, మిగతా మాటలకంటే లావు అక్షరాల్లో.

ఈ పేజీ నాకు అస్సలు గుర్తులేదు. పదేళ్ళప్పుడు దాటేసుంటా, ఎప్పుడెగురుతారా అన్న తొందరలో. ఇప్పుడేమో పాప నిద్రపోయాక కూడా లైటు తీయకుండా అదే పేజీ రెండుసార్లు చదివా. పెద్దయ్యాక దీన్ని మళ్ళీ చదివినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీరు ఎక్కడ ఆగారు?

హుక్‌పార్టీ | సోమవారం, ఉదయం 7:15

నేనున్నా అన్నా! ఆగింది మాత్రం హుక్ దగ్గర. పేరు చూశారుగా.

చేతికి బదులు కొక్కెం ఉన్న ఓడదొంగల నాయకుడు కదా, చిన్నప్పుడు హుక్ అంటే వట్టి విలన్. నలభై దాటాక చదివితే ఎవరో మన ఆఫీసులో పెద్దమనిషిని చూసినట్టుంది. పేరున్న బడిలో చదువుకున్నాడు, నడవడిక, మర్యాద అంటూ లోపల్లోపల నలిగిపోతుంటాడు. 'నేను మర్యాదస్థుణ్ణేనా' అని ఆలోచించడమే మర్యాద కాదేమో అని ఇంకో దిగులు. పక్కన అతని ఓడలోనే పనిచేసే స్మీ ఉంటాడు. ఆ అమాయకుడికి తనకి అది ఉందన్న సంగతే తెలీదు, అందుకే అతనికుంది. హుక్ ఒళ్ళు మండేది అక్కడే.

ఇక ఆ మొసలి! చిన్నప్పుడు టిక్ టిక్ అంటే నవ్వొచ్చేది. ఒక మనిషిని కాలం చప్పుడు చేస్తూ వెంటపడుతోందని, ఏదో ఒక రోజు ఆ గడియారం ఆగిపోతే మొసలి చప్పుడు లేకుండా వచ్చేస్తుందని అతనికి తెలుసని ఈమధ్యే తట్టింది. చివరికి జరిగేదీ అదే. గడియారం ఆగిపోయింది, కింద మొసలి కాచుకుని ఉందని హుక్‌కి తెలీదు.

బైండుపుస్తకం | సోమవారం, ఉదయం 9:30

పాతపాఠకుడు గారూ, మీ మోచెయ్యికి చారిత్రక సాక్ష్యం ఉంది. నాటకం మొదటిసారి ఆడింది 1904 డిసెంబరు 27న, లండన్‌లోని డ్యూక్ ఆఫ్ యార్క్స్ థియేటర్లో. అది చూసి ఇంటికెళ్ళిన పిల్లలు మంచాల మీంచి ఎగరబోయి దెబ్బలు తగిలించుకుంటున్నారని తల్లిదండ్రులు మొరపెట్టుకున్నారట. అప్పుడు బారీ ఒక షరతు చేర్చాడు: ముందు మీద దేవకన్యల పొడి పడితేగానీ ఎవరూ ఎగరలేరు. 1928లో నాటకం అచ్చువేసినప్పుడు ముందుమాటలో ఆయనే రాసుకున్న సంగతి ఇది. అంటే మనమంతా మాయ అనుకున్న ఆ పొడి, నిజానికి ఒక భద్రతా నియమం!

హుక్‌పార్టీ, ఆ మొసలి మాట బాగా చెప్పావు నాయనా. దానికి ఒకటి కలుపుతా. హుక్ పోయాక పీటర్ ఏం చేస్తాడో గుర్తుందా? హుక్ బట్టలు కత్తిరించి తనకు కుట్టించుకుంటాడు. మొదటి రాత్రి ఓడ గదిలో ఒక్కడే కూర్చుంటాడు, నోట్లో హుక్ చుట్టగొట్టం. పిడికిలి బిగించి, చూపుడువేలు ఒక్కటీ కొక్కెంలా వంచి పైకెత్తి పట్టుకుంటాడు. ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాడు బారీ. నా ఒంటిమీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

లెక్కలపద్దు | సోమవారం, మధ్యాహ్నం 1:48

పాతికేళ్ళుగా పద్దులు రాసి బతుకుతున్నవాణ్ణి. నేను ఆగిన చోటు మీ అందరిదీ కాదు. మిస్టర్ డార్లింగ్ లెక్క దగ్గర.

వెండీ పుట్టగానే ఆయన మంచం అంచున కూర్చుని, భార్య చెయ్యి పట్టుకుని, ఈ పిల్లను ఉంచుకోగలమా లేదా అని లెక్కేస్తాడు. చిన్నప్పుడు ఇది జోకు. ఇప్పుడు కాగితం తీసుకుని ఆయనతోపాటు నేనూ కూడి చూశా. చేతిలో 1 పౌండు 17 షిల్లింగులు, ఆఫీసులో 2 షిల్లింగుల 6 పెన్నీలు, అక్కడ కాఫీ మానేస్తే 10 షిల్లింగులు. వెరసి 2 పౌండ్ల 9 షిల్లింగుల 6 పెన్నీలు. ఇందాకా సరే. దీనికి భార్య దగ్గరున్న 18 షిల్లింగుల 3 పెన్నీలు కలపాలి. పౌండుకి 20 షిల్లింగులు, షిల్లింగుకి 12 పెన్నీలు కాబట్టి 3 పౌండ్ల 7 షిల్లింగుల 9 పెన్నీలు రావాలి. ఆయనకేమో 3 పౌండ్ల 9 షిల్లింగుల 7 పెన్నీలు వచ్చింది!

7, 9 తారుమారు. మా పనిలో రోజూ చూసే తప్పే. (మామూలు అంకెల్లో ఇలా తారుమారైతే తేడా 9తో భాగించబడుతుంది, దాంతో పట్టుకుంటాం. షిల్లింగులూ పెన్నీల్లో మాత్రం 11తో. ఇక్కడ తేడా 22 పెన్నీలు. క్షమించాలి, వృత్తి జబ్బు.) ఆ తప్పునే చివరిదాకా మోసుకెళ్తాడు. స్టాకులూ షేర్లూ అన్నీ తెలిసినవాడని పేరున్న మనిషి.

ఇంక జబ్బుల ఖర్చు. గవదబిళ్ళలకు 1 పౌండు, తట్టుకు 1 పౌండు 5 షిల్లింగులు, జర్మన్ తట్టుకు అర గినీ, అంటే 10 షిల్లింగుల 6 పెన్నీలు. కోరింత దగ్గుకు 15 షిల్లింగులు. కూడిన ప్రతిసారీ వేరే మొత్తం వస్తుంది. ఆఖరికి గవదబిళ్ళల్ని 12 షిల్లింగుల 6 పెన్నీలకు దించి, రెండు రకాల తట్టునీ ఒకటే పద్దు కింద రాసి, వెండీని గట్టెక్కిస్తారు.

అయ్యా, రెండు తట్టుల్నీ ఒకే పద్దు కింద రాసిన ఆ మనిషి నాకు తెలుసు. మా అబ్బాయి పుట్టిన వారం నేనే.

పాతపాఠకుడు | సోమవారం, రాత్రి 10:55

పద్దుగారూ, ఇవాళ మీ పోస్టు చదివి ఆఫీసులో పైకే నవ్వేశా, ఆఖరి వాక్యం దాకా.

ఈ రాత్రి పాప అడిగిన ప్రశ్న: 'నాన్నా, పీటర్ మంచివాడా?' ఎగిరే దారిలో మైకేల్ నిద్రపోయి రాయిలా జారిపోతుంటాడు కదా, పీటర్ ఆఖరి క్షణంలో పట్టుకుంటాడు. పట్టుకునేది ప్రాణం కాపాడదామని కాదు, తన నేర్పు చూపించుకుందామని. ఆ ఆట విసుగొస్తే మరోసారి పట్టుకుంటాడన్న నమ్మకం లేదని పుస్తకమే అంటుంది. దారిలోనే వెండీ ఎవరో మర్చిపోతాడు, ఆ పిల్ల తన పేరు మళ్ళీ చెప్పుకోవాల్సి వస్తుంది.

'మంచివాడే, కాకపోతే గుర్తుండదు' అన్నా. 'మరి గుర్తులేకపోతే మంచివాడెలా అవుతాడు' అంది. పడుకోమన్నా.

వెన్నెలచదువరి | మంగళవారం, ఉదయం 6:20

మీ పాపే నయం. మీరంతా తెగ మురిసిపోతున్నారు కానీ నేను రెండేళ్ళ కిందట మళ్ళీ చదివి మండిపడ్డదాన్ని.

నెవర్‌ల్యాండ్‌లో పీటర్ వెంట ఉండే మగపిల్లలు పెరగడం మొదలుపెడితే అది నియమాలకు విరుద్ధం కాబట్టి పీటర్ వాళ్ళని పలచన చేస్తాడని ఉంది. నారు పలచన చేసినట్టు! ఎలా చేస్తాడో బారీ చెప్పడు, వెంటనే ఇంకేదో మొదలెడతాడు. చిన్నప్పుడు మనం చదివిన సంక్షిప్త పుస్తకాల్లో ఇది ఉండదు, అందుకే మనకు పీటర్ అంత ముద్దొచ్చాడు.

నా అసలు కోపం వెండీ గురించి. చుక్కలు దాటి ఎగిరి వెళ్ళిన పిల్ల అక్కడ చేసేదేంటి? నేలకింద ఇంట్లో మగపిల్లల మేజోళ్ళకు చిల్లులు కుట్టడం. ఇంటికి తిరిగొచ్చాక కూడా ఏడాదికి ఒక్కవారం నెవర్‌ల్యాండ్‌కి పంపుతారు. ఎందుకు? వసంతంలో ఇల్లు దులపడానికి! తల్లి అంటే కుట్టేది, ఊడ్చేది, కిటికీ దగ్గర కూర్చుని ఎదురుచూసేది. దాన్ని పట్టుకుని ఎంత అందంగా రాశాడో అనుకోవడం నావల్ల కాదు.

ఆ దీవిలోని ఆదివాసీ పిల్ల టైగర్ లిల్లీ, ఆమె తెగ గురించి ఎవరూ ఎత్తలేదేం? ఆ తెగకు పెట్టిన పేరే నల్లజాతి పిల్లల్ని చులకన చేసి పిలిచే మాట. వాళ్ళు పీటర్ ముందు సాగిలపడి తెల్ల తండ్రి అని పిలుస్తారు. ఎనిమిదేళ్ళ పిల్లకి అది యథాతథంగా చదివారా, దాటేశారా?

పాతపాఠకుడు | మంగళవారం, ఉదయం 8:05

చదివాను. చదివి, పుస్తకం మూసి, 'ఇది రాసినాయన వాళ్ళలో ఒక్కరితోనూ మాట్లాడి రాసినట్టు లేదు' అన్నా. 'అయితే ఎందుకు రాశాడు?' అంది. ఆ రాత్రి కథ అక్కడితో సరి, మిగతా అరగంటా దాని మీదే గడిచింది. సరిగ్గా చెప్పానో లేదో గానీ, దాటేయడం కంటే ఇదే నయమనిపించింది.

వెండీ విషయంలో మీ కోపం న్యాయమే. అయినా ఒక్క మాట. ఆ ఏడాదికోవారం ప్రయాణానికి వెండీ ఆకులతో అల్లుకున్న పాత గౌను వేసుకుని వెళ్తుంది. అది పొట్టిదైపోయిందని పీటర్ ఎక్కడ పసిగడతాడో అని ఆమె భయం. అతను చూడనే చూడడు, తన గురించి చెప్పుకోవడమే సరిపోతుంది. మరుసటి ఏడు రాడు. ఆపై ఏడు వస్తాడు, ఒక ఏడాది తప్పిపోయిందన్న సంగతే తెలీకుండా. పెరిగినందుకు గౌను కిందికి లాక్కునే ఆ పిల్ల నొప్పి బారీకి తెలియకుండా రాశాడంటారా?

వెన్నెలచదువరి | మంగళవారం, ఉదయం 8:31

తెలిసి రాశాడు, అందుకే ఇంకా కోపం. తెలిసినవాడు కాబట్టి ఆమెకు చీపురు కాకుండా ఇంకేదైనా ఇచ్చుండాల్సింది. 🙂

బైండుపుస్తకం | మంగళవారం, ఉదయం 10:12

వెన్నెల గారూ, మీతో వాదించను. ఆయనకు తల్లి మీద ఆ పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్తా, ఎందుకంటే నేను ఆగిన చోటు పుస్తకంలో లేదు, దాని వెనక ఉంది.

1867లో బారీ అన్న డేవిడ్ మంచు మీద స్కేటింగ్ ప్రమాదంలో చనిపోయాడు. పద్నాలుగో పుట్టినరోజు ఇంకా రాలేదు. బారీకి ఆరేళ్ళు. తల్లి మంచం పట్టింది. ఒకరోజు ఈ పిల్లాడు చీకటి గదిలోకి వెళ్ళి నిలబడితే 'నువ్వేనా?' అని మంచం మీంచి వినిపించింది. అన్నని అడుగుతోందనుకుని, 'కాదు, వాడు కాదు, నేనే' అన్నాడట. అన్న బట్టలు వేసుకుని, అన్నలా ఈల వేస్తూ ఆమె ముందు నిలబడ్డాడట కూడా. 1896లో తల్లి గురించి 'మార్గరెట్ ఓగిల్వీ' అని రాసిన పుస్తకంలో ఇదంతా ఉంది. తను పెద్దవాడయ్యాడు, డేవిడ్ మాత్రం ఇంకా పదమూడేళ్ళ పిల్లాడే అని కూడా అందులోనే రాశాడు.

ఇది తెలిశాక పీటర్ తన గతం చెప్పే చోటు మళ్ళీ చదవండి. అమ్మ కిటికీ తెరిచే ఉంచుతుందన్న ధీమాతో చాలాకాలం తిరిగి, తీరా వస్తే కిటికీకి ఊచలు, తన మంచం మీద ఇంకో పిల్లాడు. చదివేవాళ్ళు ఇక్కడ బయటున్న పీటర్ కోసం ఏడుస్తారు. నాకైతే లోపలున్న ఆ ఇంకో పిల్లాడు కూడా బారీయే అనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఈ కథ పుట్టింది లెవెలిన్ డేవిస్ కుటుంబంలోని ఐదుగురు అన్నదమ్ముల కోసం. వాళ్ళలో జార్జ్ 1915లో మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు, మైకేల్ 1921లో నీళ్ళలో మునిగిపోయాడు, ఇరవై ఒకటి నిండకుండానే. పెద్దవాడు కాని పిల్లాడు అన్న మాటకి ఆ తర్వాత బారీ చెవికి ఏం వినిపించి ఉంటుందో. 1929లో పీటర్ పాన్ హక్కులు మొత్తం లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి రాసిచ్చేశాడు. కాపీరైట్ గడువు 1987లో తీరితే, 1988లో బ్రిటన్ చట్టమే చేసి ఆ రాయల్టీ ఆసుపత్రికి ఎప్పటికీ అందేలా చూసింది.

నిర్వాహకుడు | మంగళవారం, మధ్యాహ్నం 12:40

కథ ముగింపు బయటపెడుతున్నారని ఒక ఫిర్యాదు వచ్చింది. పుస్తకం 1911 నాటిది. ఫిర్యాదు కొట్టేయడమైనది. ('మీ చివరి పోస్టులో ఏముంది' అని నాకూ ఆత్రంగానే ఉంది, కానివ్వండి.)

హుక్‌పార్టీ | మంగళవారం, రాత్రి 9:18

బైండుపుస్తకం గారూ, పొద్దున్నుంచీ ఆ చీకటి గది కళ్ళముందే ఉంది.

మిస్టర్ డార్లింగ్‌కి పద్దుగారు తోడున్నారు కాబట్టి నేనూ ఓ ఓటేస్తా. పిల్లలు ఎగిరిపోయింది ఆయన వల్లే. తన మందు తాగకుండా, పిల్లల్ని చూసుకునే కుక్క నానా గిన్నెలో పోసి, అది తాగితే నవ్వుదామనుకుని, ఎవరూ నవ్వకపోయేసరికి ఉడుక్కుని కుక్కని బయట కట్టేశాడు. ఆ రాత్రి కాపలా లేదు. తర్వాత పిల్లలు వచ్చేదాకా అంటూ తనే కుక్కగూట్లో దూరి, గూడుతో సహా ఆఫీసుకి బండిలో వెళ్ళి వస్తాడు. చిన్నప్పుడు పొట్ట చెక్కలయ్యేలా నవ్వా. ఇప్పుడు? చేసిన తప్పుకి శిక్ష ఎవరూ వెయ్యకపోతే మనమే వేసుకుంటాం కదా, ఎంత వెర్రిగా కనిపించినా సరే.

లెక్కలపద్దు | మంగళవారం, రాత్రి 9:40

అదే గూట్లోంచే 'చలిగాలి కొడుతోంది, ఆ కిటికీ వెయ్యి' అంటాడు కూడా. మారాడు గానీ మరీ అంత మారలేదు. ఆవిడ 'ఆ మాట మాత్రం అడక్కు, అది వాళ్ళ కోసం ఎప్పుడూ తెరిచే ఉండాలి' అంటుంది.

పిల్లలు ఏమయ్యారో కూడా చూడండి. ఎగరడం మర్చిపోయి, అలవాటు తప్పిందని సర్దిచెప్పుకుంటారు. నెవర్‌ల్యాండ్ నుంచి వాళ్ళతో వచ్చేసిన పిల్లల్లో కవలలూ, నిబ్స్, కర్లీ సంచీ గొడుగూ పట్టుకుని ఆఫీసుకి పోతారు. టూటుల్స్ జడ్జీ. తన పిల్లలకి చెప్పడానికి ఒక్క కథా రాని ఆ గడ్డపాయన ఒకప్పటి జాన్. నేను గడ్డం పెంచను గానీ, రాత్రి మావాడు కథ చెప్పమంటే ఫోను ఇచ్చేసిన రోజులున్నాయి.

పాతపాఠకుడు | శనివారం, రాత్రి 11:58

నిన్నటితో పూర్తయింది. చెప్పుకోవాల్సిందొకటి ఉంది.

ఆ 'ఇంటికి తిరిగి రావడం' అధ్యాయంలో కథ చెప్పేవాడు మిసెస్ డార్లింగ్‌ని ముందు ఈసడిస్తాడు, ఆవిడ గురించి మంచి మాటలు చెబుదామనుకున్నా గానీ ఇక చెప్పనంటాడు. తర్వాత కుర్చీలో నిద్రపోతున్న ఆమెను దగ్గరగా చూసి మెత్తబడతాడు. కొందరికి పీటర్ ఇష్టం, కొందరికి వెండీ ఇష్టం, నాకు మాత్రం ఈమే ఇష్టం అంటాడు. ఆమె నవ్వులో కుడిమూలన ఒక ముద్దు దాగుంటుంది కదా, వెండీకీ అందదు, భర్త కూడా అడగడం మానేసుకున్నాడు. దాన్ని పీటర్ చివర్లో అలవోకగా పట్టుకుపోతాడు. ఇదంతా చదివి వినిపించా. గొంతు కాస్త పట్టేసింది, పాప చూడలేదు.

తర్వాత ఆఖరి అధ్యాయం. వెండీ పెద్దదై, పెళ్ళై, జేన్ అని కూతురు. ఆ గదిలోనే ఇప్పుడు జేన్ మంచం. ఒక చిన్న వాక్యంలో, తలుపు పక్కన గొడుగు పెట్టినంత మామూలుగా, మిసెస్ డార్లింగ్ చనిపోయింది, అందరూ మర్చిపోయారు అని ఉంటుంది. అంతే. అందరికంటే ఈమే ఇష్టమన్నవాడే రాశాడు. వెన్నెల గారూ, తల్లిని గుళ్ళో కూర్చోబెట్టాడని మీకు కోపం. గుళ్ళోంచి దించింది కూడా ఆయనే, ఒక్క వాక్యంలో.

నేను ఆ వాక్యం చదవలేదు. కళ్ళు ముందే చూసేశాయి, నోరు దాటేసింది. టైగర్ లిల్లీ దగ్గర దాటేయకూడదని అంత నీతి చెప్పినవాణ్ణి.

ఇవాళ పొద్దున పాప పుస్తకం పట్టుకుని వచ్చింది. తనంతట తను మళ్ళీ చదువుకుందట, వేలు పెట్టుకుని. 'నాన్నా, ఇక్కడ ఒక మాట చదవలేదు నువ్వు.'

'ఏది?'

'అమ్మ చచ్చిపోయిందని.'

'బాధపడతావని' అన్నా.

'లేదు' అంది. నిజంగానే లేదు, మొహం చూశా. వేలు పక్క వాక్యం మీదికి జరిపింది. నానా కూడా ముసలిదై పోయిందని ఉంది అక్కడ, చివరి రోజుల్లో పిల్లల్ని చూసుకోవడం తనకి తప్ప ఎవరికీ రాదని మొండికేసి అందర్నీ విసిగించిందని. అది నిన్న చదివాను, కాకపోతే అప్పటికి తను సగం నిద్రలో ఉంది.

'మరి కుక్క చచ్చిపోయిందని సరిగ్గా ఎందుకు చెప్పలేదు?' అని అడిగి, గట్టిగా ఏడ్చేసింది.